కంప్యూటర్‌కి కొండ పేరు పెట్టారు, మరి కొండ మనుషుల సంగతేంటి?

మిత్రులారా, ఇది చదివే ముందు ఒక చిన్న పని చేయండి. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అబౌట్ ఫోన్ తెరిచి, ఆండ్రాయిడ్ వెర్షన్ అని ఉన్నచోట వరసగా నాలుగైదు సార్లు నొక్కండి. చాలా ఫోన్లలో ఒక బొమ్మో, చిన్న ఆటో బయటికొస్తుంది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్లు సరదాకి దాచిపెట్టింది అది. కొంచెం పాత ఫోనైతే ఆ బొమ్మ లాలీపాప్ కావచ్చు, మార్ష్‌మెల్లో కావచ్చు.

ఫోన్‌ని, కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. దానికి మిఠాయి పేరేంటి? ఇంకో దానికి ముళ్లపంది పేరేంటి? మరో దానికి లోయ పేరు, సరస్సు పేరు ఏంటి? ఇవన్నీ చదువుకున్నోళ్ల సరదాలు, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఆ లోయ, ఆ సరస్సు పేర్ల వెనక ఉన్నది మనలాంటి ఆదివాసుల కథ. అందుకే ఈ వ్యాసం.

ముందు సరదా సంగతులే చెప్పుకుందాం. కోపం తెచ్చుకోవాల్సిన చోటు తర్వాత వస్తుంది.

1960లలో అమెరికాలో మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ తయారీ మొదలైంది. 1969లో బెల్ ల్యాబ్స్ ఆ పనిలోంచి బయటికొచ్చింది. అక్కడి ఇంజనీర్లు కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ సొంతంగా చిన్నది ఒకటి మొదలుపెట్టారు. మల్టి అంటే బహు, యూని అంటే ఒక్కటి. అందుకని పెద్దదాన్ని వెక్కిరిస్తూ దీన్ని యునిక్స్ అన్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అందరికీ స్వేచ్ఛగా అందే సిస్టమ్ ఒకటి కడతానని ప్రకటించి దానికి గ్నూ అని పేరు పెట్టాడు. ఆ పేరుని విడదీస్తే 'గ్నూ అంటే యునిక్స్ కాదు' అని వస్తుంది. అందులో మళ్లీ గ్నూ ఉంది. తోక తనే మింగే పాము లాంటి పేరన్నమాట.

1991లో ఫిన్లాండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ తన సిస్టమ్ రాశాడు. దానికి ఫ్రీక్స్ అనే పేరు అనుకున్నాడు. దాన్ని అందరూ దింపుకునేలా సర్వర్‌లో పెట్టింది ఆరి లెమ్కే. ఆయనకి ఫ్రీక్స్ నచ్చలేదు. లైనస్‌ని అడగకుండానే ఆ ఫోల్డర్‌కి లినక్స్ అని పేరు పెట్టేశాడు. అదే నిలబడిపోయింది. ఈ రోజు మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది కూడా ఆ లినక్సే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రాసింది ఒకరు, పేరు పెట్టింది ఇంకొకరు. ఎందుకలా? సర్వర్ తాళం ఆయన చేతిలో ఉంది కాబట్టి. వాళ్లిద్దరూ తోటివాళ్లు, నష్టం ఏమీ జరగలేదు. కానీ సూత్రం గుర్తుపెట్టుకోండి: తాళం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లు పెడతారు.

డెబియన్ అనే మరో సిస్టమ్ ఉంది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. తన పేరు ముందు అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరు కలిపితే డెబియన్ అయింది. 1995 చివర్లో ఒక సీడీల కంపెనీ ఇంకా తయారీలో ఉన్న కాపీని 1.0 అని ముద్రవేసి అమ్మేసింది. జనం అదే అసలుదనుకున్నారు. నంబరు పెడితే ఈ గొడవ ఉందని అప్పట్నుంచి తయారీలో ఉన్నదానికి మారుపేరు పెట్టడం మొదలైంది. ఆ ప్రాజెక్టుకి అప్పుడు నాయకుడు బ్రూస్ పెరెన్స్. ఆయన ఉద్యోగం టాయ్ స్టోరీ సినిమా తీసిన పిక్సార్‌లో. ఇక చూడండి, 1996లో వచ్చిన 1.1కి బజ్ అని పేరు. తర్వాత రెక్స్, బో, హామ్, వుడీ, 2023లో బుక్‌వార్మ్. అన్నీ ఆ సినిమాల వరసలో బొమ్మలే. ఎప్పుడూ సగం తయారై, ఏ క్షణంలో చెడుతుందో తెలియని వెర్షన్‌కి మాత్రం సిడ్ అని పేరు. సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లాడి పేరు అది. నవ్వొస్తుంది కదా.

2004లో ఉబుంటు వచ్చింది. దీని సంగతి మనం కొంచెం శ్రద్ధగా వినాలి. ఉబుంటు అనేది ఆఫ్రికా దక్షిణాన జులూ, ఖోసా ప్రజలు మాట్లాడే భాషల మాట. మనిషి తోటి మనుషుల వల్లే మనిషి అవుతాడన్న భావం అందులో ఉంది. దక్షిణాఫ్రికాలో పుట్టిన మార్క్ షటిల్‌వర్త్ ఈ పేరు పెట్టాడు. మొదటి వెర్షన్ ఆరు నెలల్లో తేవాలి, నగిషీలు చెక్కే టైం లేదు, కాబట్టి ఒళ్లంతా కాయలున్న అడవిపంది అని సరదాకి అనుకున్నారు. అదే వార్టీ వార్ట్‌హాగ్, 4.10. అంటే 2004వ సంవత్సరం, పదో నెల. తర్వాత నెరిసిన ముళ్లపంది, ఆ తర్వాత బ్యాడ్జర్. అలా జంతువు పేరూ, దాని ముందు అదే అక్షరంతో మొదలయ్యే విశేషణం ఆనవాయితీ అయింది. 2006 నుంచి ఇంగ్లీషు అక్షరాల వరస కూడా తప్పలేదు.

ఇక్కడ ఒక నల్లజాతి ప్రజల మాటని ఒక తెల్లవాడు తీసుకున్నాడు. ఆ ప్రశ్న అడగొచ్చు, అడగాలి కూడా. కానీ న్యాయంగా చూస్తే ఆ పేరుతో పాటు కొంత పని కూడా జరిగింది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చారు. ఇంటర్నెట్ లేనివాళ్లకి చాలా ఏళ్లు సీడీలు పోస్టులో పంపారు. ప్రతి ఒక్కరూ తమ భాషలో కంప్యూటర్ వాడుకోగలగాలి అనేదాన్ని తమ సూత్రాల్లో రాసుకున్నారు. ఒక జాతి మాటని వాడుకుంటే కనీసం ఆ మాట అర్థానికి బాకీ తీర్చే ప్రయత్నం ఉండాలి. ఈ కొలబద్దని పక్కన పెట్టుకుని ముందుకు పోదాం.

ఆండ్రాయిడ్ మిఠాయిలు 2009లో కప్‌కేక్‌తో మొదలయ్యాయి. డోనట్, ఎక్లేర్, ఫ్రోయో, జింజర్‌బ్రెడ్, అలా అక్షరం వెంట అక్షరం. 2016లో ఎన్ అక్షరం వచ్చినప్పుడు గూగుల్ జనాన్ని పేర్లు చెప్పమంది. కేరళ వాళ్లు నెయ్యప్పం పెట్టండని ప్రచారం చేశారు. చివరికి నౌగట్ పెట్టారు. ఐ అక్షరానికి ఐస్‌క్రీమ్ శాండ్‌విచ్ గుర్తొచ్చింది కానీ, ఆదిలాబాద్‌లో మన అక్కలు చేసే ఇప్పపువ్వు లడ్డు ఎవరికి గుర్తొస్తుంది? 2019లో ఈ పేర్లని బయట వాడటం ఆపేశారు. కారణం వాళ్లే చెప్పారు: పై అంటే కొన్ని దేశాల్లో మిఠాయే కాదు, మార్ష్‌మెల్లో చాలాచోట్ల జనం ఎరగరు, కొన్ని భాషల్లో ఎల్‌కీ ఆర్‌కీ పలుకులో తేడా తెలియదు. ప్రపంచమంతా వాడే వస్తువుకి ఒక్క ఊరి వంటింటి పేర్లు పెట్టాం అని తెలుసుకోవడానికి పదేళ్లు పట్టింది.

సరే, ఇప్పుడు అసలు చోటికి వద్దాం.

ఆపిల్ కంపెనీ 2001 నుంచి తన మ్యాక్ కంప్యూటర్ల సిస్టమ్‌కి పెద్ద పిల్లుల పేర్లు పెట్టింది. చీతా, ప్యూమా, జాగ్వార్, పాంథర్, టైగర్, లెపర్డ్, లయన్. 2013కి పిల్లులు అయిపోయాయి. ఇక సముద్ర సింహం పేరు పెట్టాలేమో అని వేదిక మీద జోకేసి, ఇకనుంచి మా కాలిఫోర్నియాలో మాకు నచ్చిన చోట్ల పేర్లు పెడతాం అన్నారు. మొదటిది మావరిక్స్, అలల మీద సాము చేసే తీరం. ఆ తీరానికి పేరు ఒక కుక్క వల్ల వచ్చింది. ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు.

2014లో వచ్చిన దాని పేరు యోసెమిటి.

యోసెమిటి ఒక లోయ. చుట్టూ నిలువెత్తు రాతి కొండలు, జలపాతాలు. అక్కడ తరతరాలుగా ఉన్న ప్రజలు ఆ లోయని ఆవానీ అనేవాళ్లు. నోరు తెరిచినట్టుండే చోటు అని దానికి అర్థం చెబుతారు. వాళ్లు ఆవానీచీలు. కాలిఫోర్నియాలో బంగారం దొరికిందని తెల్లవాళ్లు వెల్లువలా వచ్చారు. గొడవలు ముదిరాయి. 1851 మార్చిలో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం ఆవానీచీలను పట్టుకుపోవడానికి ఆ లోయలోకి దిగింది. ఇళ్లు తగలబెట్టారు. చలికాలం తిండికి దాచుకున్న గింజల నిల్వలు తగలబెట్టారు. ఆకలితో లొంగదీయడం ఎలాగో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

ఆ దళంతో వెళ్లిన లఫాయెట్ బన్నెల్ అనే అతను ఆ రాత్రి నెగడు దగ్గర కూర్చుని లోయకి పేరు పెడదాం అన్నాడు. ఇక్కడ ఉండే తెగ పేరు యోసెమిటి కదా, అదే పెడదాం అన్నాడు. కానీ అది వాళ్లు తమకు పెట్టుకున్న పేరు కాదు. చుట్టుపక్కల మివాక్ జనం వాళ్లని గురించి చెప్పిన మాట. దాని అర్థం 'వాళ్లు చంపేవాళ్లు' అని భాషావేత్తలు చెబుతారు. అంటే ఇల్లు కాల్చినవాడు నెగడు కాచుకుంటూ, ఇల్లు కాలినవాళ్లకి హంతకులు అని పేరు రాసుకున్నాడు. అదే పటాల్లోకి ఎక్కింది, చట్టంలోకి ఎక్కింది, 163 ఏళ్ల తర్వాత కంప్యూటర్ డబ్బాలోకి ఎక్కింది.

ఇంకో సంగతి వినండి. ఇది బన్నెల్ తన పుస్తకంలో తనే రాసుకున్నాడు. ఆవానీచీల పెద్ద పేరు టెనాయా. దళం వాళ్లు ఆయన చిన్న కొడుకుని కాల్చి చంపారు. తర్వాత ఆయన జనాన్ని ఒక సరస్సు దగ్గర పట్టుకున్నారు. బన్నెల్ ఆయన దగ్గరికి వెళ్లి, ఈ సరస్సుకి నీ పేరు పెడుతున్నాం, నీ పేరు చిరకాలం ఉంటుంది అన్నాడు. ఆ ముసలాయన సంతోషించలేదు. ఈ సరస్సుకి ముందే పేరుంది, పైవియాక్, అన్నాడు. మెరిసే రాళ్ల సరస్సు అని. ఆ పేరు ఎవరూ ఉంచలేదు. ఇవాళ పటంలో ఉన్నది టెనాయా సరస్సు.

నేను మీకు చెప్పదలుచుకున్నది అంతా ఆ ముసలాయన ఒక్క మాటలో ఉంది. మన పేరు పెట్టి గౌరవించామంటారు. కానీ మనం పెట్టుకున్న పేరు తీసేస్తారు. మనిషిని వెళ్లగొట్టి, మనిషి పేరు ఉంచుకుంటారు.

2015లో వచ్చింది ఎల్ కాపిటన్. అదే లోయలో నిలువుగా లేచే రాతి కొండ. స్పానిష్‌లో ఆ మాటకి దళపతి అని అర్థం. ఆ పేరు పెట్టింది కూడా ఆ దళమే. అక్కడివాళ్లకి ఆ కొండ టుటోకనూల. కొండ మీద చిక్కుకున్న పిల్లల్ని కిందికి తేవడానికి పెద్ద పెద్ద జంతువులన్నీ ఎక్కబోయి ఓడిపోతే, జానెడు జానెడు కొలుస్తూ పాకే చిన్న గొంగళిపురుగు ఎక్కి తెచ్చిందని కథ. చిన్నవాళ్లు గెలిచిన కథ ఉన్న కొండకి దళపతి పేరు మిగిలింది.

2018లో మొహావి. అదొక ఎడారి పేరు, ఒక ఆదివాసీ జాతి పేరు. వాళ్లు తమని తాము ఆహా మకావ్ అంటారు, నీటి ఒడ్డు మనుషులు అని. నది ఒడ్డు మనుషుల పేరు బయటివాళ్లకి ఎడారి పేరుగా మిగిలింది. 2025లో టాహో. వాషో ప్రజల భాషలో 'దా ఔ' అంటే సరస్సు. వాళ్లు సరస్సు అన్న మాట నోరు తిరగక టాహో అయింది, దానికి మళ్లీ ఇంగ్లీషులో సరస్సు అని తగిలించారు.

లోయ నుంచి వెళ్లగొట్టిన వాళ్ల సంగతి ఏమైందంటారా? 1890లో యోసెమిటి నేషనల్ పార్క్ అయింది. అడవిని కాపాడాలంటే అడవి మనుషుల్ని తీసేయాలి అనే లెక్క అక్కడ ముందే అమలైంది. కొద్దిమంది తిరిగొచ్చి అక్కడే కూలీ పనులు చేసుకుంటూ ఉంటే, వాళ్ల చివరి గూడెం ఇళ్లని కూడా 1969 నాటికి పార్క్ అధికారులు తీసేశారు. వాళ్ల వారసులు సదరన్ సియర్రా మివుక్ పేరుతో తమని జాతిగా గుర్తించమని 1982లో అమెరికా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 2014లో యోసెమిటి పేరుతో కంప్యూటర్ సిస్టమ్ ప్రపంచమంతా దిగేనాటికి ఆ అర్జీకి 32 ఏళ్లు. గుర్తింపు అప్పటికీ రాలేదు. లోయ పేరు లక్షల కంప్యూటర్లు ఎరుగును, లోయ మనుషుల్ని సర్కారు ఎరగదు.

నల్లమల చెంచులకి, కవ్వాల్ చుట్టూ ఉన్న గూడేలకి ఈ కథ కొత్తగా ఉందా చెప్పండి.

పేర్ల సంగతి కూడా మనకి కొత్త కాదు. మనం ఉండే ప్రాంతాన్ని ఏజెన్సీ అంటారు. మనమూ అంటాం. ఆ మాట ఎక్కడిది? 1839లో బ్రిటిష్ వాళ్లు గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి మామూలు చట్టాలు కాకుండా గవర్నర్ గారి ఏజెంటు పాలన పెట్టారు. ఏజెంటు ఉండే చోటు ఏజెన్సీ. అంటే మన కొండలన్నిటికీ కలిపి ఒక తెల్లదొర ఉద్యోగం పేరు. దాదాపు 190 ఏళ్లయినా అదే మోస్తున్నాం. గోండు అనే పేరు కూడా బయటివాళ్లు పిలిచిందే. వాళ్లు తమ భాషలో తమని కోయ్తూర్ అంటారు. ఇక కుమురం భీము పేరుతో జిల్లా వచ్చింది, 2016లో. మంచిదే, కాదనను. కానీ ఆయన జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చింది జిల్లా బోర్డు మీద పేరు కోసం కాదు, జల్ జంగల్ జమీన్ కోసం.

కొందరు మిత్రులు అంటారు: "పేరు పెట్టడం గౌరవమే కదన్నా, ఎప్పుడూ తప్పులే వెతుకుతారేంటి?" వాళ్లకి నా జవాబు ఇదీ. నేను ఇంజనీర్ల సరదాని తప్పుపట్టట్లేదు. బజ్ అని పెట్టుకున్నా, ముళ్లపంది అని పెట్టుకున్నా నాకు ఇష్టమే. బొమ్మకి ఇల్లు పోలేదు, ముళ్లపందికి అర్జీ లేదు. కానీ బతికున్న జాతి పేరు తీసుకున్నప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. ఆ జాతిని అడిగారా? పేరుకి బదులు ఆ జాతికి ఏమొచ్చింది? అపాచీ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఆ జాతి మీద గౌరవంతోనే పేరు పెట్టామంది. 2023లో అమెరికా ఆదివాసీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బృందం ఒకటి, మా పేరు మార్చండి అని బహిరంగంగా అడిగింది. ఆ సంస్థ తన సమావేశాల పేరు మార్చింది, ఈక గుర్తుని కూడా పక్కన పెట్టింది. అంటే అడిగితే కదులుతుంది. అడగాలి.

అయితే అడగాల్సింది పేరు గురించే కాదు. దీనికి అందరికంటే మంచి దారి చెరోకీలు చూపించారు.

2024లో ఆపిల్ పెట్టిన పేరు సెకోయా. అది ఆకాశమంత ఎత్తు పెరిగే చెట్టు పేరు. ఆ చెట్టుకి ఆ పేరు చెరోకీ జాతి సెకోయా మీద గౌరవంతో పెట్టారని చాలామంది అంటారు, లాటిన్ మాట నుంచి వచ్చిందని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా ఆ మనిషి చేసిన పనిలో ఏ వాదనా లేదు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద మాట్లాడుకోవడం చూసి, తన భాషకి సొంతంగా లిపి కట్టాడు. 1821 నాటికి పూర్తి చేశాడు. 1828కల్లా ఆ లిపిలో పత్రిక వచ్చింది.

ఆయన వారసులు చెట్టు పేరుతో తృప్తి పడలేదు. లిపిని యూనికోడ్‌లోకి ఎక్కించారు. యూనికోడ్ అంటే ప్రపంచంలోని ప్రతి అక్షరానికీ కంప్యూటర్ గుర్తుపట్టే నంబరు ఇచ్చే పట్టిక. అందులో లేని అక్షరం కంప్యూటర్‌కి లేనట్టే. 2003 నుంచి మ్యాక్‌లో చెరోకీ అక్షరాలున్నాయి. చెరోకీ నేషన్ వాళ్లు ఆపిల్‌తో మాట్లాడి, వెంటపడి, 2010లో ఐఫోన్‌లో చెరోకీ కీబోర్డ్ తెచ్చుకున్నారు. 2012లో విండోస్ 8 చెరోకీలో వచ్చింది. పిల్లలు తమ నానమ్మ భాషలో మెసేజ్ పెట్టుకోగలిగారు. తేడా చూశారా? సెకోయా పేరు సిస్టమ్‌కి పెట్టడం ఆపిల్ ఇష్టం, మరుసటి ఏడాదికి ఆ పేరు పోయి ఇంకోటి వచ్చింది. సెకోయా లిపి సిస్టమ్ లోపల ఉండటం చెరోకీల హక్కు, అది వెర్షన్ మారినా పోలేదు.

మనకీ ఆ దారిలో సగం పడింది. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో దొరికిన గోండి రాతప్రతుల లిపి 2018లో గుంజాల గోండి పేరుతో యూనికోడ్‌లోకి ఎక్కింది. చూడండి, ఒక మారుమూల ఊరి పేరు ప్రపంచ పట్టికలో ఉంది, అదీ తన అక్షరాలతో సహా. అంతకుముందు ఏడాది మసారాం గోండి ఎక్కింది. 1936లో మాంగే గొమాంగో సవర భాషకి కట్టిన సొరంగ్ సొంపెంగ్ 2012లోనే ఎక్కింది. ఉచితంగా దొరికే నోటో ఫాంట్లలో గోండి లిపులు రెండూ ఉన్నాయి. అంటే ఇల్లు కట్టి ఉంది, మనం ఇంకా కాపురానికి వెళ్లలేదు.

అందుకని మీకు నా మాట. ఫాంట్ దింపుకుని మీ ఊరి పేరు మీ లిపిలో ఒక్కసారి రాయండి. లిపి లేని భాషైతే తెలుగు అక్షరాల్లోనే రాయండి, గిడుగు రామమూర్తి సవర భాషని తెలుగు అక్షరాల్లో రాసి చూపించలేదా. మీ కొండకి, వాగుకి, చెరువుకి పెద్దవాళ్లు ఏ పేరు పిలుస్తారో అడిగి రాసుకోండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. సర్కారు పటంలో ఉన్న పేరు పక్కన పెట్టి చూడండి. కంప్యూటర్ కోర్సు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు కదా, మీరు కీబోర్డ్ తయారుచేయండి, అనువాదాల్లో చేరండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి గేటు లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. మొదట్లో చెప్పాను కదా, తాళం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్లది. తాళం మన చేతికి రావాలి.

రేపు ఏదో కంపెనీ తన కొత్త సిస్టమ్‌కి అరకు అనో, నల్లమల అనో పేరు పెట్టిందనుకోండి. స్టేటస్ పెట్టుకుని సంబరపడే ముందు టెనాయాని గుర్తు తెచ్చుకోండి. ఆయనలాగే అడగండి: దీనికి ముందే పేరుంది, ఆ పేరుతో పిలిచే మనుషులున్నారు, వాళ్ల భాష మీ కంప్యూటర్‌కి వచ్చా?